తాల్బట్ పేరు కింద మరక

గిరిధర్ ఆ పొద్దున నోరు మూసుకొని ఉంటే వీరభద్రం పేరు ఈపాటికి ఒక బోర్డు మీద ఉండేది. ఇది వీరభద్రం మాట. థార్న్‌బీ ఊళ్లో మూలమీద డెయిరీ పెట్టుకుని పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్ముకునే మనిషికి రాళ్ల సంగతి ఏం తెలుసు? తెలియనివాడు అంతమంది పెద్దమనుషుల మధ్య ఎందుకు నోరు తెరవాలి? ఈ ప్రశ్న అతను భార్యను అడిగాడు, కూతుర్ని అడిగాడు, డునెడిన్‌లో తను పనిచేసే సమాధిరాళ్ల షెడ్డులో కోత మిషన్ను కూడా అడిగే ఉంటాడు. రాజేశ్వరమ్మ ఒకనాడు అన్నం వడ్డిస్తూ, తల ఎత్తకుండా, "ఆయన ఒక్కసారే అన్నడు. మరి నువ్వు?" అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ ప్రశ్న పైకి వినిపించలేదు. లోపల మాత్రం తిరుగుతూనే ఉంది.

వీరభద్రానిది ఖమ్మం దగ్గర గ్రానైట్ క్వారీల ఊరు. ఏడో తరగతి సగంలో బడి మానేశాడు. మానేశాడనడం కూడా సరికాదు. తండ్రికి దగ్గు ముదిరి చేతిలోంచి ఉలి జారిపోతుంటే దాన్ని ఇతను పట్టుకున్నాడు, అంతే. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని తండ్రి పోయాడు. ఇంగ్లీషు అక్షరాలు వీరభద్రానికి చదువుగా రాలేదు, బొమ్మలుగా వచ్చాయి. ఏ గీత ఎంత లోతు, ఏ వంపు ఎక్కడ సన్నబడాలి, అలా. పద్నాలుగేళ్ల కింద డునెడిన్ షెడ్డు యజమాని వీసా తెప్పించి పిలిపించుకున్నాడు. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల శ్మశానాల్లో ఎంతమంది తెల్లవాళ్ల పేర్లు చెక్కాడో అతనికే తెలియదు. ప్రతి రాయి అడుగున ఒక మూల చిన్నక్షరాల్లో షెడ్డు యజమాని పేరుంటుంది. అది చెక్కింది కూడా వీరభద్రమే.

యాభై రెండేళ్లొచ్చాక అతనికి ఒక్కటే కోరిక మిగిలింది. సొంత షెడ్డు, ముందు సొంత బోర్డు. డునెడిన్‌లో భూమి ముట్టుకుంటే కాలేలా ఉంది. రెండు గంటల దూరంలో, గొర్రెల పొలాల మధ్య ఉన్న థార్న్‌బీలో ఊరి ట్రస్టు ఒకటి పాత రైల్వే గోదాముల స్థలాన్ని ముక్కలు చేసి అగ్గువకు ఇస్తోందని గిరిధర్ చెప్పాడు. గిరిధర్ హైదరాబాద్ నుంచి స్టూడెంటుగా వచ్చినవాడు. ఇప్పుడు ఊరి కమిటీల్లో అన్నిట్లోనూ ఉంటాడు. వీరభద్రం స్థలం కొన్నాడు. షరతు ఒకటే: రెండేళ్లలోపు, అంటే రెండో ఏడు మార్చి ముప్పై ఒకటిలోగా షెడ్డు పని మొదలుపెట్టాలి. లేకపోతే ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టు చేతిలో పెట్టి ట్రస్టు స్థలం వెనక్కి తీసుకుంటుంది. బ్యాంకువాళ్లు, చేతిలో పెద్ద పని ఉన్నట్టు కాగితం చూపిస్తే షెడ్డుకి లోను ఇస్తామన్నారు. ఆ పెద్ద పని కూడా థార్న్‌బీలోనే కనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి నుంచి వెళ్లిన పదకొండు మంది ఫ్రాన్స్‌లో బొమెరీ అనే పల్లెలో ఒకేచోట మట్టిలో ఉన్నారు. నూరేళ్లు దాటినా ఇక్కడివాళ్లకి అక్కడి సంగతి సరిగా తెలియదు. రెండేళ్ల కింద స్మారక సంఘం నుంచి నలుగురు వెళ్లి చూసి, వీడియో తీసుకొచ్చి, ఊరి హాల్లో వేశారు. గిరిధర్ పిలిస్తే వీరభద్రం కుటుంబంతో వెళ్లి చూశాడు.

బొమెరీ నాలుగు వందల గడప ఉన్న పల్లె. నవంబరు పదకొండున, ఆ యుద్ధం ఆగిన రోజున, పదకొండు గంటలకి చర్చి గంట కొడతారు. మేయరు భుజం మీదుగా మూడు రంగుల పట్టీ వేసుకుని స్తంభం దగ్గర నిలబడి, ఆ ఊళ్లో చచ్చిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. ప్రతి పేరుకీ జనమంతా ఒకే గొంతుతో "ఫ్రాన్స్ కోసం మరణించాడు" అంటారు. తర్వాత నడుచుకుంటూ శ్మశానానికి వస్తారు. అక్కడ ఈ పరాయి పదకొండు మంది పేర్లు. ఇక్కడ జనమంతా పలకరు. ఒక్కో సమాధి ఒక్కో ఇంటిది. ఆ ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా దాన్ని కడుగుతారు, గడ్డి తీస్తారు, కోడలొస్తే ఆ పని కోడలికి అప్పజెబుతారు. పేరు చదవగానే ఆ ఇంటి మనిషి ఒక అడుగు ముందుకేసి "మా దగ్గరే ఉన్నాడు" అంటుంది. అది అయ్యాక అందరూ మేయరు ఆఫీసుకెళ్లి తలో గ్లాసు వైను తాగి ఇళ్లకు పోతారు. అంతకు మించి ఏమీ లేదు. రాజేశ్వరమ్మ వీడియో చూస్తూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. పరాయివాళ్ల పిల్లలకి ఇన్నేళ్లు ఎవరు చేస్తారని అంది.

థార్న్‌బీలో కూడా అలాగే చేయాలని తీర్మానించారు. పదకొండు పేర్లు, పదకొండు ఇళ్లు, సొంతవాళ్లు లేని పేర్లకి చీటీలు తీశారు. పేరు చదివితే ఆ ఇంటివాళ్లు "బొమెరీలో ఉన్నాడు" అనాలి. బొమెరీవాళ్లు తమ చర్చి కట్టిన గనిలోంచి ఒక తెల్లరాయి పంపుతామన్నారు. దాని మీద పేర్లు చెక్కే పని వీరభద్రానికి వచ్చింది. ఇది బాగుంటే చుట్టుపక్కల ఏడు ఊళ్ల హాళ్లలో శిథిలమైన స్మారకాలన్నీ అతనే చేయాలని సంఘం అధ్యక్షుడు తాల్బట్ ముందే చెప్పాడు. తాల్బట్‌కి డెబ్బై నాలుగేళ్లు. గొర్రెల ఫారం కొడుక్కిచ్చేసి ఈ పనిలో పడ్డాడు. పదకొండు పేర్లలో ఒకటి, ఆర్థర్ తాల్బట్, అతని తాతకి తమ్ముడు. ఏడు ఊళ్ల కాగితం ఉంటే బ్యాంకు లోను, లోను ఉంటే షెడ్డు, షెడ్డు ఉంటే భూమి.

రాయి వచ్చింది. వీరభద్రం దాన్ని చేత్తో తడిమి చూసి, ఇది రాయి కాదు, సబ్బుబిళ్ల అన్నాడు. నల్లరాయి మీద ఏం పడ్డా కడిగితే పోతుంది. ఇది నీళ్లు తాగే రాయి. అయినా చేతికి లొంగింది. నలభై రోజులు షెడ్డులో పని అయ్యాక, లైటు వేసుకుని, మిషన్ ముట్టకుండా ఉలితోనే చెక్కాడు. అక్షరాల అంచులు చూసి షెడ్డు యజమాని వంక పెట్టలేక వెళ్లిపోయాడంటే పని ఎలా వచ్చిందో తెలుసుకోవచ్చు. బొమెరీవాళ్లు ఒక జాగ్రత్త రాశారు: ఈ రాయికి సిమెంటు పడదు, సిమెంటు రాయిని తినేస్తుంది, సున్నంతోనే నిలబెట్టండని.

నవంబరు మూడున, వీరభద్రం కొన్న స్థలం ముందు సంఘం కట్టించిన పొట్టిగోడకి రాయిని నిలబెట్టారు. వెనక రెండు బొక్కలు, వాటిలో స్టీలు పిన్నులు, సున్నం పోసి గోడకి బిగించడం. సహాయానికి గిరిధర్ వచ్చాడు. ఏ రాయినైనా నిలబెట్టేముందు బొక్కలో చిటికెడు పసుపు వేయడం వీరభద్రం తండ్రికి అలవాటు. మైలురాయైనా సరే, గేటు స్తంభమైనా సరే. షెడ్డు యజమాని కింద పద్నాలుగేళ్లూ వీరభద్రం ఆ పని చేయలేదు, అవి తన రాళ్లు కావు కాబట్టి. ఇది తనది. గిరిధర్ డెయిరీలోంచే పసుపు ప్యాకెట్టు తెచ్చిచ్చాడు, కళ్లకద్దుకున్నాడు కూడా.

"మంచి పని చేసినవ్ అన్నా. శుభం."

పై బొక్కలో చిటికెడు, కింది బొక్కలో చిటికెడు. పై బొక్క ముందు ముఖానికి రెండు వేళ్ల మందం మిగిలేలా తొలిచాడు. దానికి సరిగ్గా ఎదురుగా ఆర్థర్ తాల్బట్ పేరుంది. తెల్లగుడ్డ కప్పి తాళ్లు కట్టి వీరభద్రం డునెడిన్ వెళ్లిపోయాడు. ఎనిమిదో తారీఖు సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. మూడు రోజులు విడవలేదు.

పదకొండో తారీఖు పొద్దున వాన ఆగింది, గాలి మాత్రం కోస్తోంది. మూడు వందల మంది పైనే వచ్చారు. బొమెరీ నుంచి మేయరుతో కలిపి పదిమంది. అందరి కోట్ల మీదా పోయిన సైనికుల గుర్తుగా రెండు పువ్వులు గుచ్చారు. ఎర్ర కాగితప్పువ్వు ఇక్కడిది, నీలంది వాళ్లది. తాల్బట్ ఇంట్లో దిగిన ముసలమ్మ ఒడెట్‌ని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభై ఒక్కేళ్లు. ఆర్థర్ తాల్బట్ సమాధి ఆమె ఇంటిది. ఆమె అత్త ఆమెకి అప్పజెప్పింది, కోడలు లేదు కాబట్టి ఆమె వెంట వచ్చిన మనవరాలికి అప్పజెబుతోంది. వీరభద్రం కొత్త కోటు వేసుకుని రెండో వరసలో నిలబడ్డాడు. పక్కన రాజేశ్వరమ్మ, కూతురు వర్షిత. జేబులో బ్యాంకు కాగితాలు మడిచి పెట్టుకుని వచ్చాడు, కార్యక్రమం అయ్యాక తాల్బట్‌తో సంతకం పెట్టించుకుందామని.

పదకొండుకి రెండు నిమిషాలుండగా మేయరు, తాల్బట్ చెరోవైపు తాడు లాగారు. గుడ్డ జారింది.

ఆర్థర్ తాల్బట్ పేరు కింద ఎర్రగా ఉంది. అరచేయంత మరక, అడుగున సన్నటి ధార. తెల్లరాయి మీద అప్పుడే కారినట్టుంది.

జనంలో గాలి వీచినట్టు ఒక చప్పుడు. వీరభద్రానికి ముందు అర్థం కాలేదు. రాజేశ్వరమ్మకి అయింది. ఆమె అతని చెయ్యి పట్టుకుని చెవిలో, పసుపూ సున్నమూ అంది. పెళ్లికూతురికి దిష్టి తీయడానికి ఆమె ఎన్నిసార్లు ఆ ఎర్రనీళ్లు కలిపిందో. పసుపు పచ్చగా ఉంటుంది, సున్నం తెల్లగా ఉంటుంది, రెండూ కలిస్తే నెత్తురు రంగు. పుట్టి బుద్ధెరిగిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన సంగతి. వీరభద్రం నల్లరాయి మనిషి, సిమెంటు మనిషి. బొక్కలో సున్నం పోయడం అతని జీవితంలో అదే మొదలు.

తాల్బట్ ముఖం పాలిపోయింది. చుట్టూ చూశాడు. దగ్గరలో ఉన్నది గిరిధర్. ఏమిటది అని చిన్నగా అడిగాడు. రెండు అడుగుల దూరంలో వీరభద్రం ఉన్నాడు, నోరు తెరవబోయాడు. గిరిధర్ ఒకసారి ఇటు చూసి, అటు తిరిగి చెప్పేశాడు.

"తుప్పు సర్. లోపల ఇనుప పిన్ను. వానకి తుప్పు దిగింది."

అప్పుడే చర్చి గంట మొదలైంది. రెండు నిమిషాల మౌనం.

మూడు వందల మంది తలలు దించారు. గాలికి జెండా తాడు స్తంభానికి కొట్టుకోవడం తప్ప చప్పుడు లేదు. వీరభద్రం నోట్లో మాట ఉంది, మాట్లాడటానికి వీల్లేదు. తుప్పా? స్టీలు పిన్నుకి తుప్పా? వీరభద్రం జన్మలో ఇనుప పిన్ను వాడలేదు. మౌనం అవగానే చెప్పాలి. ఏమని? చచ్చినవాళ్ల రాయిలో మా దేవుడి పసుపు పెట్టానని, మిమ్మల్ని అడగకుండా పెట్టానని. ఈ తలలన్నీ అప్పుడు పైకి లేచి తనని చూస్తాయి. పద్నాలుగేళ్లుగా అతను ఆ చూపు తన మీద పడకుండా బతికాడు. టిఫిన్ డబ్బా వాసన రాకుండా కారులో కూర్చుని తిన్నాడు. ఒక నిమిషం అయింది. పిన్ను తప్పయితే మార్చొచ్చు, అది పనితప్పు. పనితప్పు ఎవరైనా క్షమిస్తారు. పసుపైతే క్షమించరు. రెండో నిమిషం అయ్యేసరికి గిరిధర్ చెప్పిందే అతనికి కాస్త దారిలా కనిపించింది.

పేర్లు చదివారు. ఒక్కో పేరుకి ఒక్కో ఇల్లు "బొమెరీలో ఉన్నాడు" అంది. ఆర్థర్ తాల్బట్ పేరు దగ్గర ముసలి తాల్బట్ మరకనే చూస్తూ తన వంతు మరిచాడు. అప్పుడు ఒడెట్ కుర్చీలోంచి లేచి తన భాషలో, మా దగ్గరే ఉన్నాడంది. ఆ ముక్క వీడియో చూసిన వాళ్లందరికీ తెలుసు.

తర్వాత పువ్వులు పెట్టారు. ఒడెట్ పువ్వు పెట్టి వెనక్కి పోలేదు. చేతిసంచిలోంచి రుమాలు తీసి, తన ఊళ్లో సమాధి కడిగినట్టే ఆ మరకను తుడవబోయింది. అది పోలేదు, కొంచెం పాకింది. రుమాలుకి అంటింది. ఆమె రుమాలు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఆ గనిరాయి మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఆ రాయి మీద తుప్పు ఏ రంగులో దిగుతుందో, గుడ్డకి అంటుతుందో అంటదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. రాయి చెక్కింది ఎవరని మనవరాలిని అడిగింది. మనవరాలు వీరభద్రాన్ని చూపించింది. ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. వెనక తాల్బట్ వచ్చి నిలబడ్డాడు.

మనవరాలు ఇంగ్లీషులో మెల్లగా అడిగింది, మర్యాదగానే.

"ఇది తుప్పు కాదంటోంది మా అమ్మమ్మ. ఏమిటో మీరు చెబుతారా?"

వర్షిత తండ్రి మోచెయ్యి పట్టుకుంది. రాజేశ్వరమ్మ అతని ముఖం చూస్తోంది. గిరిధర్ ఎక్కడో దూరంగా మేయరుతో ఫొటో దిగుతున్నాడు. ఆ క్షణాన అక్కడ గిరిధర్ లేడు. వీరభద్రం తర్వాత ఎన్నిసార్లు ఆ దృశ్యంలోకి గిరిధర్‌ని తెచ్చి నిలబెట్టినా, అక్కడ అతను లేడు.

"తుప్పే," అన్నాడు వీరభద్రం. "పిన్ను తప్పు. నాదే."

ముసలమ్మ తల ఊపింది. రుమాలును మరక లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. హాల్లో అందరికీ వైను పోశారు. వీరభద్రం జేబులో కాగితాలు జేబులోనే ఉండిపోయాయి.

తిరుగుదారిలో వర్షిత డ్రైవ్ చేసింది. డునెడిన్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసే పిల్ల, తెలుగు తక్కువ మాట్లాడుతుంది. గంట దారి పోయింది. తర్వాత అంది.

"పసుపని చెప్తే ఏమయ్యేది డాడీ? ఇక్కడ కెఫేల్లో పాలల్లో కలిపి అమ్ముతున్నారు. క్యూలో నిలబడి కొంటున్నారు."

వీరభద్రం గిరిధర్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. ఇల్లు చేరేదాకా తిట్టాడు. ఆ రాత్రి గిరిధర్ ఫోన్ చేశాడు. అన్నా, టెన్షన్ తీసుకోకు, నీకోసమే అలా అన్నాను, పసుపూ పూజా అని తెలిస్తే మన కమ్యూనిటీకి చెడ్డపేరు వచ్చేదన్నాడు. ఎవరి కమ్యూనిటీరా అని వీరభద్రం అరిచాడు. నీ డెయిరీకి గిరాకీ పోతుందని కదా నా చేతిపని మీద తుప్పు పోశావన్నాడు. అదీ అబద్ధం కాదు. గిరిధర్ ఫోన్ పెట్టేశాడు.

తాల్బట్ దగ్గరికి వెళ్లి నిజం చెప్పమని రాజేశ్వరమ్మ రోజూ అంది. అబద్ధం మొదలుపెట్టినవాడే వెళ్లి దిద్దాలని వీరభద్రం పట్టుబట్టాడు. గిరిధర్ వెళ్లలేదు, ఇతను వెళ్లలేదు. అలా మూడు వారాలు. డిసెంబరు రెండున సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఏడు ఊళ్ల పని క్రైస్ట్‌చర్చ్‌లో వేరేవాళ్లకి ఇచ్చామని, రెండు వందల ఏళ్లు నిలవాల్సిన రాళ్లకి తుప్పు పట్టే పిన్నులు వాడే మనిషిని పెట్టుకోలేమని. వర్షిత చదివి వినిపించింది. ఆ మర్నాడే వీరభద్రం కారు వేసుకుని ఒక్కడే థార్న్‌బీ వెళ్లాడు.

తాల్బట్ వాకిట్లో కుక్కలకి మేత వేస్తున్నాడు. వీరభద్రం తనకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాడు. తండ్రి సంగతి, చిటికెడు పసుపు, సున్నం. పిన్ను స్టీలుదే, కావాలంటే రాయి విప్పి చూసుకోమన్నాడు. తాల్బట్ అంతా విన్నాడు. కుక్కల గిన్నె కింద పెట్టి నడుము నిలబెట్టుకున్నాడు.

"ఒడెట్ ఆ సాయంత్రమే చెప్పింది. ఏదో మసాలా వాసన అని. మా ఆవిడ వాసన చూసి టర్మరిక్ అంది. మీవాళ్లు దీవెనగా వాడతారట కదా, మా కోడలు ఫోనులో చూసి చదివింది. ఒడెట్ ఆ రుమాలు ఉతకనంది. ఆర్థర్ పక్కన పాతిపెడతానని తీసుకుపోయింది."

ఒక కుక్క వచ్చి వీరభద్రం బూట్లు వాసన చూసింది. తాల్బట్ ఇంకా చెబుతున్నాడు.

"నువ్వు వస్తావని చూశాను. మర్నాడు వస్తావనుకున్నాను. ఆ వారం వస్తావనుకున్నాను. మూడు వారాలు కమిటీవాళ్లని ఆపాను. వాళ్లతో నేనేం చెప్పాలి? పసుపు పెట్టాడని చెబితే ఒక్కరు కూడా కాదనేవాళ్లు కాదు. మా తాత తమ్ముడి రాయి ముందు నిలబడి, ఆ ముసలమ్మ ముఖం మీద నువ్వు అబద్ధం చెప్పావు. ఉత్తరంలో తుప్పు అనే రాయించాను. అది నీకు కాస్త మర్యాదని."

మరక సంగతి ఏం చేస్తారని వీరభద్రం అడిగాడు, బాగుచేసి ఇస్తానన్నాడు. అక్కర్లేదన్నాడు తాల్బట్. ఎండకి దానంతటదే వెలిసిపోతుందట, ఒడెట్ అలా చెప్పిందట.

బ్యాంకుకి చూపించడానికి కాగితం లేదు. మార్చి ముప్పై ఒకటి వచ్చింది, పోయింది. ట్రస్టువాళ్లు మర్యాదగా ఫోన్ చేసి, మర్యాదగా సంతకం పెట్టించుకుని, ఇచ్చిన డబ్బు డాలరు తగ్గకుండా ఖాతాలో వేశారు. తర్వాతి నవంబరుకి ఆ స్థలం చదును చేసి కంకర పరిచారు, స్మారకం దగ్గరికి వచ్చేవాళ్లు కార్లు పెట్టుకోవడానికి. వీరభద్రం వెళ్లలేదు. గిరిధర్ వెళ్లాడు, ఫొటోలు పెట్టాడు. ఒక ఫొటోలో రాయి కనిపిస్తోంది. ఆర్థర్ తాల్బట్ పేరు కింద ఇప్పుడు ఏమీ లేదు. తెల్లగా ఉంది. ఆ ఫొటోను వీరభద్రం వేళ్లతో పెద్దది చేసి, అక్షరాల అంచులు ఒక్కొక్కటే చూసుకున్నాడు. ఎక్కడా పెచ్చు లేవలేదు. రాయి వెనకాల కార్లు వరసగా ఆగి ఉన్నాయి. కార్ల ముందు వరస ఆగిన చోట అతను బోర్డు పెడదామనుకున్నాడు.

థార్న్‌బీ, పాత రైల్వే గోదాముల స్థలం, లాట్ నాలుగు. పావెకరం. కాగితం మీద వెయ్యిన్నీ పన్నెండు చదరపు మీటర్లు.